తెలిసేది తూకమే

"గా బ్లాక్‌హోల్‌ల ఏముంటది?" అని పరమేష్ అడిగితే నిరోష పొంగిపోయింది. పెళ్లయిన నాలుగేళ్లలో భర్త ఆమె పరిశోధన గురించి అడగడం అదే మొదలు.

"బంగారం పడ్డా బురద పడ్డా ఒకటే. బయటోళ్లకు తూకం, చార్జు, తిరుగుడు తెలుస్తయి గంతే. ఏం పడ్డదో ఎన్నటికీ తెల్వదు."

మరునాడు ఆమె కొత్తకోట కాలేజీలో పాఠం చెప్పి ఇంటికొచ్చేసరికి బీరువా ఖాళీ. సోమవారం యూనివర్సిటీకి తీసుకెళ్లాల్సిన ఆరేళ్ల లెక్కలు, చేత్తో రాసిన నోట్‌బుక్కులన్నీ పోయాయి. వంటింట్లో ఉల్లిగడ్డల కుప్ప ఉంది. పాత కాగితాలకు ఉల్లిగడ్డలిచ్చే బండి వాడకట్టుకు వచ్చిపోయింది.

"వాటిల్ల ఏమున్నదో ఎరుకేనా?" ఆమె ఖాళీ బీరువా చూపిస్తూ అడిగింది.

పరమేష్ ఉల్లిగడ్డ పొట్టు తీస్తూ నవ్వాడు.

"బయటోన్ని, నాకెట్ల తెలుస్తది? తూకమైతే పద్దెనిమిది కిలోలు."