ఇసెయిన్ నుంచి చుట్టం

నానిన బొబ్బర్లను నీళ్ళలో పిసుకుతుంటే పొట్టు పైకి తేలుతోంది. మొరెనికే దాన్ని దోసిలితో తీసి పారబోస్తోంది. పక్కనే పీట మీద కూర్చుని అలారో అమ్మ మిరపకాయలు నూరుతోంది. బట్టలకు నీలిరంగు అద్దడం ఆమె పని. అబెయొకుట ఊళ్ళో అద్దకం పనివాళ్ళను అలారో అంటారు కాబట్టి ఆ వీధంతా ఆమెను అలాగే పిలుస్తుంది. అసలు పేరేమిటని ఎవరూ అడగలేదు.

ఎడారి వైపు నుంచి వచ్చే పొడిగాలికి ఊరు ఊరంతా సన్నటి దుమ్ము తెరలో మునిగి ఉంది. పక్కింటి గోడ కూడా నిద్రలో కనిపించినట్టు మసగ్గా కనిపిస్తోంది. ఆ మసకలోంచి దర్జీ భార్య కేక వినిపించింది.

"మొరెనికే! ఇసెయిన్ నుంచి ఎవరో ఆవిడొచ్చింది. మీ ఆయన ఇల్లు అడుగుతుంటే ఇటే పంపించా!"

అలారో అమ్మ చేతిలో రాయి ఆగిపోయింది. మొరెనికే ముఖం పాలిపోయింది.

ఇసెయిన్ ఆమె భర్త అకాన్బి పుట్టిన ఊరు. ఆ ఊరి మనిషి ఇంతవరకూ ఈ గడప తొక్కలేదు. పెళ్ళికి కూడా అతని తరఫున స్నేహితులే వచ్చారు.

"నేను చెప్పలేదుటే?" అలారో అమ్మ గొంతు తగ్గించింది. "ఆయువు తీరకుండా పోయినవాళ్ళు కొందరు పైకి వెళ్ళరు. తమని ఎరగని ఊరు చూసుకుని అక్కడ బతుకుతారు. సంతలో బేరాలాడతారు, కాపురాలు చేస్తారు. వాళ్ళనే అకుదాయా అంటారు. సొంత ఊరి మనిషి కంటపడ్డారా, ఇక అంతే. ఆ రోజుతో మాయం."

"ఆయన అలాంటివాడు కాదమ్మా. గోడలదిరేలా గురక పెడతాడు."

"అకుదాయాలు గురక పెట్టరని నీకెవరు చెప్పారు? నీ మొగుడు నీకు దక్కాలంటే ఆవిణ్ణి గుమ్మంలోంచే పంపెయ్. అలాంటివాడు ఇక్కడ లేడని చెప్పు."

ఆ మాట అని ఆమె లేచి నిలబడింది. పెరటి చుట్టూ గోడ. బయటికి పోవాలంటే ఇంట్లోంచే దారి. ఆమె రెండడుగులు వేసేసరికి మొరెనికే ఆమె గుడ్డ అంచు పట్టుకుంది.

"అమ్మా, నన్నొక్కదాన్నీ వదిలేసి పోకు."

అలారో అమ్మ తన గుడ్డను పట్టుకున్న ఆ తడి చేతిని చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా మళ్ళీ పీట మీద కూర్చుంది.

"సరే, ఇక్కడే ఉంటా. నువ్వు పో. లోపలికి మాత్రం రానివ్వకు."

గుమ్మంలో ఓ బొద్దుపాటి ఆవిడ నిలబడి ఉంది. నెత్తిన మూట, కనురెప్పల మీద దుమ్ము. మొరెనికే అలవాటుగా మోకరిల్లి దండం పెట్టింది.

"అకాన్బి ఇల్లు ఇదేగా?"

"ఆ పేరు గలవాళ్ళెవరూ ఇక్కడ లేరమ్మా."

"లేరూ? మరి లోపల ఆ పాట ఎవరిది?"

అకాన్బి స్నానం చేస్తూ పాడుతున్నాడు.

"అదా... రేడియో అండీ."

"రేడియో ఇంత ఘోరంగా పాడుతుందా? మా అన్నయ్య కూడా అచ్చం ఇలాగే పాడేవాడు. వీధిలో మేకలు పారిపోయేవి. తప్పుకో పిల్లా!"

మొరెనికే రెండు చేతులూ చాచి అడ్డం నిలబడింది. "మీ కాళ్ళు పట్టుకుంటానండీ, వెళ్ళిపోండి. మీరు చూశారంటే ఆయన నాకు దక్కడు!"

ఆవిడ నోరు తెరిచే లోపలే పాట ఆగిపోయింది. లోపల స్నానాల గది తలుపు చప్పుడైంది. "ఎవరే అది?" అంటూ అకాన్బి ముందు గదిలోకి వచ్చాడు.

మొరెనికే కళ్ళు గట్టిగా మూసుకుంది. గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అయిపోయింది, అనుకుంది.

దభీమని చప్పుడైంది. కళ్ళు తెరిచి చూస్తే అకాన్బి నేల మీద సాష్టాంగపడి ఉన్నాడు.

"అవేరో అత్తా! నువ్వా!"

మొరెనికే వంగి అతని వీపు తాకి చూసింది. వెచ్చగా ఉంది. సబ్బు నురగ కూడా సరిగ్గా కడుక్కోలేదు. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"లేవరా, లే," అంటూ అవేరో నెత్తిన మూట చేతిలోకి తీసుకుని అతని తల నిమిరింది. "మీ నాన్న పోయాక కడూనాలో ఇల్లు ఖాళీ చేసి ఎటు పోయావో తెలీక ఊళ్ళన్నీ గాలించాను. ఒక్కసారి ఇసెయిన్ వస్తే నీ సొమ్మేం పోయింది?"

"అక్కడ నాకెవరున్నారత్తా? అమ్మ పోయేనాటికి నాకు మూడేళ్ళు. ఆమె ముఖం కూడా గుర్తులేదు."

మొరెనికే పెరట్లోకి పరుగెత్తింది. "అమ్మా! ఆయన ఎక్కడికీ పోలేదు. అనవసరంగా నా గుండెలు ఆగిపోయేలా చేశావు. రా, నీ కళ్ళతో నువ్వే చూద్దువుగాని!"

"నాకు పనుంది. నన్నొదులు పిల్లా."

"పని తర్వాత. ఆయన ఉంటే ఎప్పుడూ పెరటి గడప దాటవు. ఇవాళ నేనూరుకోను."

చెయ్యి పట్టుకుని ముందు గదిలోకి లాక్కొచ్చింది. అలారో అమ్మ తల వంచుకుని, తలగుడ్డ నుదుటి మీదికి లాక్కుని నిలబడింది.

అవేరో చేతిలో మూట జారి కింద పడింది.

"వదినా?"

అవేరో ఒక అడుగు ముందుకు వేసింది.

"వదినా... నీ గోతిలో మట్టి వేసింది నేనే కదా. వీణ్ణి చంకనేసుకుని..."

అలారో అమ్మ తలెత్తింది. మొదటిసారి అకాన్బిని నుదురు నుంచి పాదాల దాకా తనివితీరా చూసింది. అతని చెంప వైపు లేచిన చెయ్యి మధ్యలోనే ఆగి, కిందికి వాలిపోయింది. తర్వాత ఆమె వాళ్ళ మధ్య నుంచి నడిచి, గడప దాటి, ఆ దుమ్ము తెరలోకి వెళ్ళిపోయింది.