గడియారం తీసేసిన బోర్డు

ఆసుపత్రి నుంచి ఫోను వచ్చేసరికి ఆమె టీ తాగుతోంది.

"మేడం, వెయిటింగ్ హాల్లో మీరు పెట్టిన బోర్డు మారలేదని ఒకాయన గొడవ చేస్తున్నాడు."

ఆ బోర్డుకి ప్రోగ్రాం రాసింది ఆమే. లోపల నర్సు తన కంప్యూటర్లో పేషెంటు పరిస్థితి మారిస్తే, బయట గోడమీది తెర దానంతటదే మారుతుంది. 'ఆపరేషన్ జరుగుతోంది.' 'కోలుకుంటున్నారు.' 'బంధువులు లోపలికి రావాలి.' అది వచ్చాక నర్సులు తలుపు తీసి పేర్లు పిలవడం మానేశారు.

ఆమె తన కంప్యూటర్లో నడిపి చూసింది. నొక్కగానే మారింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ మారింది.

"నా దగ్గర బ్రహ్మాండంగా పనిచేస్తోందండి. ఆయన్ని కళ్ళజోడు మార్చుకోమనండి."

పక్క సీటు అబ్బాయి ఫక్కున నవ్వాడు. ఫోను చేసిన ఆసుపత్రి మనిషీ నవ్వాడు.

"అలాగే చెప్తాం మేడం."

ఫిర్యాదు అంతటితో మూతబడింది.

ఆ తర్వాత చాలా రోజులకి, ఒక ఆదివారం, ఆమె నాన్నకి గుండెనొప్పి వచ్చింది. దగ్గర్లో ఉన్నది ఆ ఆసుపత్రే. వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు.

స్ట్రెచర్ మీద పోతూ కూడా ఆయన ఊరుకోలేదు.

"మా అమ్మాయి చేసిన బోర్డమ్మా అది," అని నర్సుకి చూపించాడు.

"నాన్నా, మాట్లాడకు."

"కళ్ళు తెరిచేసరికి నువ్వు ఎదురుగా ఉండాలి. అంతే నాకు."

"ఉంటా నాన్నా."

మధ్యాహ్నం 'కోలుకుంటున్నారు' అని పడింది. అప్పుడే ఇంకో పేషెంటుని వార్డుకి పంపేశారు. బోర్డుమీద నాన్న పేరొక్కటే మిగిలింది. ఆమెకి కాస్త ఊపిరాడింది.

ఖాళీ హాల్లో ఒక పెద్దాయన వచ్చి సరిగ్గా ఆమె పక్క కుర్చీలోనే కూర్చున్నాడు.

"బోర్డుమీద ఏముందమ్మా?"

"కోలుకుంటున్నారు అని ఉందండి."

కాసేపాగి మళ్ళీ అడిగాడు.

"ఇప్పుడేముందమ్మా?"

"అదేనండి. మీకు కనబడట్లేదా?"

"కనబడుతోంది." ముక్కుమీద జారుతున్న కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "కానీ నా కళ్ళమీద నాకు నమ్మకం లేదు. ఒక్కసారి తలుపు తట్టి అడుగు తల్లీ. ఏమీ అనుకోరు."

"అక్కర్లేదండి. లోపల మారితే ఇక్కడా మారుతుంది."

"అడిగితే పోయేదేముంది?"

ఆమెకి చిర్రెత్తుకొచ్చింది.

"ఆ బోర్డు చేసింది నేనేనండి."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. కోపం లేదు, వెటకారం లేదు.

"అలాగా. మంచి పని చేశావమ్మా," అని మెల్లగా లేచాడు. "ఉండు, నేను అడిగొస్తా."

తలుపు తట్టడానికి చెయ్యెత్తాడో లేదో, ఆమె వాచ్‌మన్‌ని కేకేసింది.

"ఈయనెవరో ఇందాకట్నుంచి నా ప్రాణం తీస్తున్నారు. కాస్త చూడండి."

వాచ్‌మన్ వచ్చి పెద్దాయన భుజంమీద చెయ్యేశాడు.

"మళ్ళీ మొదలెట్టావా తాతా? పద, పద."

పెద్దాయన అతని వెంట నడిచాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఒక్కసారి అడగమ్మా."

ఆమె తల తిప్పుకుని బోర్డు చూస్తూ కూర్చుంది. కోలుకుంటున్నారు. పొద్దు వాలింది. కోలుకుంటున్నారు.

తలుపు తెరుచుకుంది. నర్సు మొహం పాలిపోయి ఉంది.

"ఎక్కడికెళ్ళిపోయారండీ మీరు?"

"ఎక్కడికీ వెళ్ళలేదే. ఇక్కడే ఉన్నాను."

"మిమ్మల్ని రమ్మని బోర్డుమీద ఎప్పుడో పెట్టాను కదా. మీ నాన్నగారు కళ్ళు తెరిచారు. మిమ్మల్నే అడిగారు. తలుపు వైపే చూస్తూ ఉన్నారు. అంతలోనే గుండె ఆగింది. మేం ఎవరమూ పక్కకి కదల్లేకపోయాం. ఎంత ప్రయత్నించినా..."

నాన్న లేడు.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. కోలుకుంటున్నారు.

ఆమె చూపు బోర్డు పైమూలకి పోయింది. అక్కడ ఒకప్పుడు గడియారం ఉండేది. దాన్ని చూసి జనం కంగారుపడుతున్నారు, తీసేయమని ఆసుపత్రివాళ్ళు అడిగితే తీసేసింది. ఈ ఒక్క ఆసుపత్రికే తీసింది. తన కంప్యూటర్లో అది ఇంకా తిరుగుతూనే ఉంది.

తప్పు ఆమెకి అప్పుడు తెలిసింది. పేర్ల జాబితాని కొత్తగా తయారుచేసి ఇస్తేనే తెర మార్పుని గుర్తిస్తుంది. తను పాత జాబితాలోనే పేషెంటు పరిస్థితి మార్చి ఊరుకుంది. గడియారం ఉన్నన్నాళ్ళూ సెకను సెకనుకీ తెర మొత్తాన్ని మళ్ళీ గీయిస్తూ ఆ తప్పుని కప్పెట్టింది. అది పోయాక, పేషెంట్లు వస్తూ పోతూ ఉంటే ఆ రాకపోకలు కప్పెట్టాయి. ఒక్క పేరే మిగిలిన పూట కప్పెట్టేవాళ్ళు లేకపోయారు.

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకి ఈ పాఠం చెప్పేది తనే.

నాన్న చెప్పులు సంచీలో పెట్టి వాచ్‌మన్ తెచ్చిచ్చాడు. ఆమె సంచీ ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ పెద్దాయన వాళ్ళెవరున్నారు లోపల?"

"ఎవరూ లేరండి. ఆయన భార్య ఇక్కడే పోయింది. లోపల ఆవిడ కలవరిస్తుంటే, ఈయన బయట బోర్డు చూస్తూ కూర్చుండిపోయాడు. అప్పట్నుంచీ ఇంతే. హాల్లో ఎవరైనా ఒంటరిగా కనిపిస్తే చాలు, తలుపు తట్టమని వెంటపడతాడు."

ఆమె సంచీని దగ్గరికి లాక్కుంది.

"మరి తన కళ్ళమీద నమ్మకం లేదన్నారెందుకు?"

"బోర్డు మారలేదని ఆ రోజు మొత్తుకుంటే, కళ్ళజోడు మార్చుకోమన్నారట ఎవరో కంపెనీవాళ్ళు. తప్పు తన కళ్ళదేనని నమ్మి, మర్నాడే వెళ్ళి మార్చుకొచ్చాడండి పాపం."