చింతామణిలో డెమో క్లాసు

"మొదలు పెట్టేదా సార్?" అంది దీక్ష. ఆ గొంతు ఆమెకే సరిగా వినబడలేదు.

వెనక కుర్చీలో కూర్చున్న పెద్దాయన కాఫీ లోటా కింద పెట్టి, కళ్లద్దాలు పైకి తోసుకుని, "ఊఁ, చెప్పమ్మా" అన్నాడు.

ఖాళీ బెంచీల మధ్య ఆయనొక్కడే. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, నవ్వంటే తెలీని మొహం. అటెండరు కొండప్ప దీక్షను "లోపల కూసోమ్మా" అని వదిలేసి, ఆయనకు మాత్రం కుర్చీ తుడిచి వేసి, కాఫీ తెచ్చిచ్చాడు. ఆ మర్యాద చూసే ఆమె లేచి బోర్డు దగ్గరికొచ్చింది.

బాగేపల్లిలో బస్సెక్కినప్పటి నుంచీ పాఠం బట్టీ పడుతూనే ఉంది. ఈ కాలేజీలో ఉండేది ఒక్కటే ఇంగ్లీషు పోస్టు. చిక్కబళ్ళాపురలో రెండు చోట్ల నోరు పెగలక పోగొట్టుకుంది. "ఈ తూరీ కాలేదంటే ఇంగ ఉద్యోగం మాట ఎత్తొద్దు, వచ్చి అంగట్లో కూసో" అని మామ తెగేసి చెప్పాడు. అన్నంత పనీ చేసే మనిషి.

డెమోకు వచ్చేవాళ్లందరికీ కాలేజీవాళ్లు ఫోన్లో చెప్పిన పాఠాన్నే బోర్డు మీద రాసింది. వీ నీడ్ టు హ్యావ్ ఫినిష్డ్.

"ఉత్త 'నీడ్ టు ఫినిష్' అంటే చాలదా?" అన్నాడాయన కనుబొమలు ముడేసి.

దీక్ష పై ప్రాణాలు పైనే పోయాయి. బట్టీ పట్టిందంతా మాయమై, నోటికి ఇంటిమాటే వచ్చింది.

"టమోటా లారీ ఆరింటికి వస్తాది సార్. 'కోయల్ల' అంటే ఎప్పుడన్నా కోయొచ్చు. 'లారీ వచ్చేతలికి కోసుండల్ల' అంటే, అప్పటికి పని అయిపోయుండల్ల. వీ నీడ్ టు హ్యావ్ పిక్డ్ దెమ్."

ఆయన కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి. తప్పులు లెక్క పెడుతున్నాడో ఏమో.

"ఇంగొకటి చెప్పు."

"పరీక్షకు పొయ్యేతలికి ఫీజు కట్టుండల్ల. యూ హ్యావ్ టు హ్యావ్ పెయిడ్."

"'హ్యావ్' రెండు తూర్లు వస్తాదే. తప్పు కాదా?"

ఇక్కడ పట్టుకున్నాడు మహానుభావుడు. దీక్ష బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. "కాదు సార్. మొదటిది కట్టి తీరల్లని బలవంతం. రెండోది ఆ పని అప్పటికే అయిపోయుండల్లని చెప్పేది."

"మొదట్నుంచి ఇంగోసారి చెప్పు. నిదానంగా."

చెడింది పని, అనుకుంది. అయినా చెప్పింది. ఈసారి మాట తడబడలేదు. ఆయన తల మెల్లగా ఆడింది. "శానా బాగా చెప్పినావమ్మా. నాకంతా అర్థమయింది" అన్నాడు.

అప్పటికి దీక్షకు ఊపిరాడింది. మామకు ఫోన్ చేసి ఏమని చెప్పాలో కూడా అనుకుంది.

తలుపు దగ్గర అలికిడి. చేతిలో హెల్మెట్‌తో ఒకాయన గబగబా లోపలికొచ్చాడు. వెనకే కొండప్ప, "పురుషోత్తమ్ సారు, మా ప్రిన్సిపాలు" అన్నాడు.

పెద్దాయన కుర్చీలోంచి లేచి చేతులు కట్టుకున్నాడు. దీక్ష ఆయన వైపు చూసింది. ఆయన మాత్రం ఆమె వైపు చూడలేదు.

ప్రిన్సిపాలు బోర్డు తుడిపించి, కుర్చీలో కూర్చుని, దీక్షను బెంచీ మీద కూర్చోమన్నాడు.

"క్యాండిడేట్లిద్దరిలో పెద్దాయన గదా, డెమో ముందు ఈయన్ని చెప్పనీమ్మా."