బ్లైండ్స్ దింపిన రోజు

“అది వదిలెయ్. నాలుగో కిటికీ ముట్టుకోవద్దు” అన్నాడు మేనేజరు గుమ్మంలోంచే.

స్టూలు మీద నిలబడి ఉన్న ఆవిడ వెనక్కి తిరగలేదు. పైనున్న కొక్కేలు రెండూ తప్పించి, అల్యూమినియం పట్టీలన్నిటినీ దగ్గరికి మడిచి, బ్లైండ్స్‌ను జాగ్రత్తగా కిందికి దింపింది. అప్పటికే మూడు కిటికీలవి గోడవారన పడుకోబెట్టి ఉన్నాయి. హాల్లోకి ఒక్కసారిగా ఎండ వచ్చి పడేసరికి ఇరవైమంది గుమాస్తాలూ కళ్లు చికిలించుకుని చూస్తున్నారు.

మేనేజరుకు ఒళ్లు మండిపోయింది. పదకొండింటికి యజమానురాలు వస్తోంది. ఏడాదికోసారి వచ్చే మనిషి. ఆమె వచ్చేసరికి వీధి వైపు కిటికీలన్నీ మూసి ఉండాలని నిన్ననే అందరికీ చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. నెల్లాళ్లుగా రోజూ పది కొట్టేసరికి క్యాంటీన్ వాళ్లు ఎదుటి కాలిబాట మీద అట్టముక్కలు పట్టుకుని నిలబడుతున్నారు. వారానికో సెలవు ఇమ్మని అడిగిన పాపానికి వాళ్లందర్నీ ఒక్క పూటలో ఇంటికి పంపించేశాడు. యజమానురాలికి మాత్రం వాళ్లంతట వాళ్లే మానేశారని ఉత్తరం రాశాడు.

“నీకే చెప్పేది. మూతికి ఆ గుడ్డేమిటి? తీసి మాట్లాడు.”

ఆవిడ గుడ్డ కిందికి లాక్కుని అతని వైపు తిరిగింది. యాభై దాటి ఉంటాయి. బూడిదరంగు కోటు భుజాల మీద దుమ్ము పేరుకుని ఉంది.

“దుమ్ము సార్. ఇక్కడే ఉంచి తుడిస్తే గదిలోనే తిరుగుతుంది. దింపి, గోరువెచ్చని సబ్బునీళ్లలో పట్టీ పట్టీ కడగాలి. తాళ్లు కూడా చివికిపోయాయి.”

“ఇవాళే ఎవరు తగలబడమన్నారు నిన్ను?”

“మూడు నెలలకోసారి కడిగిస్తామని మీరే కాగితం రాసి గోడకి అంటించారు కదా సార్. దాని మీద ఆఖరి సంతకం మూడేళ్ల కిందటిది. ఇక్కడ కూర్చున్నవాళ్లు పొద్దస్తమానం దగ్గుతున్నారు. వీళ్లూ మనుషులే కదా.”

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. ఎవరో తెలుసుకుందామని మేనేజరు చూస్తే అన్ని తలలూ వంగే ఉన్నాయి.

“సరే, రేపు కడుగుదువుగానీ. ముందు అవన్నీ మళ్లీ తగిలించు.”

“తడివి తగిలిస్తే బూజు పట్టదూ?”

“ఇంకా తడపనే లేదుగా.”

ఆవిడ చేతిలోదాన్ని స్టూలు పక్కనున్న సబ్బునీళ్ల తొట్టిలోకి జార్చింది. “తడిపాను సార్” అంది.

అరికాలి మంట నెత్తికెక్కింది అతనికి. గేటుకి ఫోన్ చేసి ఎవర్ని పడితే వాళ్లని పంపుతావా అని కేకలేశాడు. “కాగితం చూసే పంపాను సార్” అన్నాడు కాపలావాడు నింపాదిగా. ఫోన్ పెట్టేసి వచ్చేసరికి మరో రెండు కిటికీలు బోసిపోయాయి. రిసెప్షన్ అమ్మాయి తన సీటు వదిలేసి వచ్చి స్టూలు కదలకుండా పట్టుకుంది. ఎవరొచ్చినా కుర్చీలోంచి లేవని అకౌంట్స్ పెద్దాయన గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి, “కాసేపు కూర్చోండమ్మా” అంటున్నాడు.

“దుమ్ము దులిపేవాళ్లకి మర్యాదలా? ఇది ఆఫీసనుకుంటున్నారా, సత్రమనుకుంటున్నారా?” మేనేజరు పళ్లు నూరుతూ ఆవిడ మీదికి వెళ్లాడు. “నీ పేరేంటి? మీ కంపెనీకి ఫోన్ చేసి నీ ఉద్యోగం ఊడపీకిస్తాను.”

“ఇప్పుడడుగుతున్నారా సార్” అంటూ ఆవిడ ఏడో కిటికీ దగ్గరికి స్టూలు జరుపుకుంది.

యజమానురాలు పావుగంట ముందే వచ్చేసింది. లిఫ్టులోంచి దిగి, హాలు మధ్యలో ఆగి, “ఇంత వెలుతురుందా ఇక్కడ” అనుకుంటూ కిటికీ దగ్గరికి నడిచింది. కిందికి చూసింది.

“ఎవరు వాళ్లు?”

“దారిన పోయేవాళ్లు మేడమ్.”

“దారిన పోయేవాళ్లు మన కంపెనీ పేరు రాసి పట్టుకున్నారేం?”

అకౌంట్స్ పెద్దాయన లేచి నిలబడ్డాడు.

“క్యాంటీన్ వాళ్లు మేడమ్. వాళ్లు మానెయ్యలేదు. తీసేశారు. సెలవు అడిగినందుకు.”

ఆయన పక్కన టైపిస్టు లేచింది. వెనక వరసలో మరొకరు. చూస్తుండగానే హాలంతా లేచి నిలబడింది. యజమానురాలు లిఫ్టెక్కి కిందికి వెళ్లింది. మండే ఎండలో కాలిబాట మీద నిలబడి ఆమె ఒక్కొక్కరితో మాట్లాడుతుంటే, మేనేజరు అద్దంలోంచి అరగంట సేపు చూశాడు. ఒక్క మాటా వినబడలేదు.

తిరిగొచ్చాక ఆమె రెండే ముక్కలు చెప్పింది. “రేపట్నుంచి వాళ్లందరూ పనిలోకి వస్తున్నారు, వారానికో సెలవుతో. మీ సంగతి హెడ్డాఫీసులో మాట్లాడదాం.”

ఆమె కారు వెళ్లిపోయాక చూస్తే తొట్టి, స్టూలు ఉన్నాయి గానీ కడిగే మనిషి లేదు. మేనేజరు తన గదిలోకి పోయి బ్లైండ్స్ కంపెనీకి ఫోన్ కలిపాడు.

“మీ మనిషి నా కొంప ముంచింది. దాన్ని ఇవాళే పన్లోంచి తియ్యకపోతే మీ కాంట్రాక్టు రద్దు.”

“మా మనిషా?” అన్నాడు అవతలాయన. “మావాళ్లు వచ్చే సోమవారం కదండీ రావాల్సింది. పొరపాటు పడ్డట్టున్నారు.”

మేనేజరు ఫోన్ పెట్టేసి రిసెప్షన్ అమ్మాయిని కేకేశాడు.

“ఎవరావిడ? నీకు తెలుసా?”

ఆ అమ్మాయి, ఈ మనిషి నిజంగానే అడుగుతున్నాడా అన్నట్టు అతని ముఖంలోకి చూసింది.

“తొమ్మిదేళ్లు మీ టేబుల్ మీద టీ పెట్టిన మనిషి సార్.”