అందరికీ ఒకే సినిమా

చూసేవాడి మనసునిబట్టి సినిమా తనంతట తానే మారిపోయే రోజులివి. సినీ కాలమిస్టు పరాంకుశం గారు నాకు ఉత్తరం రాశారు:

"నిర్మాత గారూ, మీ చిత్రం నేను చూసినప్పుడు హీరో చచ్చిపోయాడు. మా ఆవిడ చూసినదాంట్లో పెళ్లి చేసుకున్నాడు. నేనేం రాసినా పాఠకులు 'మేం చూసింది అది కాదు' అంటున్నారు. ఈ నెలతో నా కాలమ్ ఆపేస్తారట."

నేను వ్యాపారిని. ఎవరికి నచ్చిన సరుకు వారికిస్తే ఫిర్యాదులుండవు. కానీ బజారులో దాని ఊసే పుట్టదు. జవాబు రాశాను: "శుక్రవారం వచ్చే నా సినిమా ఎవరికోసమూ మారదు. మొహమాటం లేకుండా తిట్టండి."

తిట్టారు. పాఠకుల ఉత్తరాలు కుప్పపడ్డాయి. సగంమంది ఆయన్ని, సగంమంది నన్ను దులిపేశారు. వాటిని నాకు పంపుతూ ఆయన పైన ఒక ముక్క రాశారు:

"కాలమ్ ఆపడం లేదండోయ్! ఇంకో చెత్త సినిమా తీయండి."