అప్‌డేట్ రాని ఫోను

చింతమడక నుంచి వచ్చిన సిద్ధమ్మ సెల్‌షాపు కౌంటర్ మీద తన ఫోను పెట్టింది.

“వాట్సాప్ తెరుస్తలేదు తమ్మీ.”

షాపు నడిపే సతీశ్ ఫోను చూసిండు. “దీని వర్షన్ పాతదక్కా. కంపెనీ దీనికి అప్‌డేట్ ఇచ్చుడు బంద్ వెట్టింది. కొత్తది కొనుక్కో.”

“కొత్తదాండ్లకు పాత మెసేజ్‌లు వస్తయా?”

“రావక్కా. యాప్ తెరిస్తేనే గద తీసేది.”

“మా ఆయన ఫోన్లయితే మంచిగనే నడుస్తుంది. రెండూ ఒక్కనాడే కొన్నం.”

“గది వేరే కంపెనీది. దానికింకా అప్‌డేట్ వస్తుంది. గదే వాడుకో మరి.”

“నాకు గిండ్లయే కావాలె. గాయన తాటిచెట్టు మీదికెళ్లి రోజు వాట్సాప్ల మాట రికార్డు చేసి పంపుతుండె. ‘కల్లు దించిన, దిగుతున్న, ఎసరు పెట్టు’ అని. గా రోజు గూడ పంపిండు. నేను ఎసరు పెట్టిన.”

సతీశ్ తలెత్తిండు.

“చెట్టెక్కే మోకు తెగి పడ్డడు,” అన్నది సిద్ధమ్మ. “ఫోను జేబులనే ఉండె. దానికేం గాలే.”

సతీశ్ ఫోన్‌ను అటు ఇటు తిప్పిండు.

“గాయన పంపినయన్ని గాయన ఫోన్ల ఉంటయక్కా,” అన్నడు మెల్లగ. “మాట గదే. గండ్లనే వినొచ్చు.”

సిద్ధమ్మ ఫోను తీసుకొని కొంగుతోని తుడిచి, సంచిల వేసుకున్నది.

“విన్న తమ్మీ. గండ్ల గాయన పంపినట్టే ఉన్నది. నాకు వచ్చినట్టు గిండ్లనే ఉన్నది.”