బెంచీ ఆ చివర

“గా మిర్చీ ఒకటి ఇటియ్యి బిడ్డా.”

శ్రీనిధి తల తిప్పి చూసింది.

బెంచీ ఆ చివర ఓ పెద్దావిడ. ఒళ్లో గుడ్డసంచి, చూపు మాత్రం శ్రీనిధి ప్లేటు మీద.

నాంపల్లి స్టేషన్ దగ్గర రాజమల్లు మిర్చీల బండి అది. అబిడ్స్‌లో తను పనిచేసే కళ్లజోళ్ల షాపు నుంచి బయటపడగానే శ్రీనిధి రోజూ వచ్చి వాలేది అక్కడే.

ఎదురుగా ఉన్నవాళ్లకు పెట్టకుండా తింటే కడుపునొప్పి వస్తుందని అమ్మ చెప్పేది. ఆ భయంతోనే ఒక మిర్చీ తీసి ఇచ్చింది.

పెద్దావిడ దాన్ని కాగితంలో చుట్టుకుంది.

“పేరేంది బిడ్డా?”

“శ్రీనిధి.”

“ఇంట్ల ఎవరెవరుంటరు?”

“ఎవరూ లేరు. అమ్మ ఉండేది. పోయిన ఏడు పోయింది.”

ముక్కూమొహం తెలియని మనిషికి ఎందుకు చెప్పిందో తనకే అర్థం కాలేదు.

మర్నాడూ ఆమె వచ్చింది. ఆ మర్నాడూ. ఒక మిర్చీ కాస్తా సగం ప్లేటయింది.

ఆకలి రుచెరగదంటారు. శ్రీనిధికి ఆకలీ లేదు, రుచీ లేదు. తాళం వేసిన గదికి వెళ్లాలంటే భయం, అంతే.

ప్లేటు ఖాళీ అయితే లేవాలి. అందుకే ఇంకో ప్లేటు చెప్పేది.

షాపులోనూ అంతే. పొద్దుటి నుంచి బిస్కెట్లో, చిప్సో నోట్లో ఆడుతూనే ఉండాలి. చుడీదార్లు ఒక్కొక్కటే బిగుతయ్యాయి. ఆ షాపులో ఎటు తిరిగినా అద్దాలే. చూసుకుంటే ఏడుపొచ్చేది. ఏడుపొస్తే మళ్లీ తిండి.

“ఇంకో ప్లేటు ఎందుకు బిడ్డా? నడువు, ముచ్చట పెట్టుకుంట స్టేషన్ దాక పోదాం,” అనేది పెద్దావిడ.

“మీకు సరిపోకపోతే చెప్పండి,” అనేది శ్రీనిధి. ఆ మాటలో కారం మిర్చీని మించేది.

ఒకరోజు షాపులో తనతో పనిచేసే సుశాంత్ అన్నాడు.

“శ్రీనిధీ, జర పక్కకు జరుగు. కస్టమర్‌కు అద్దం కనిపిస్తలేదు.”

అందరూ నవ్వారు. శ్రీనిధి కూడా నవ్వింది. నవ్వకపోతే ఏడవాలి.

ఆ సాయంత్రం మళ్లీ ఆ చెయ్యి ప్లేటు వైపు వచ్చింది.

“గా మిర్చీ...”

“సిగ్గు లేదా నీకు? రోజూ నా ప్లేటు మీదనే పడతవు. నీ దిష్టికే నేను గిట్లయిన!”

పెద్దావిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

“తప్పయింది బిడ్డా. జల్ది ఇంటికి పో,” అని లేచి వెళ్లిపోయింది.

మళ్లీ రాలేదు.

పీడ విరగడైందనుకుంది శ్రీనిధి. ఇప్పుడు ప్లేటంతా తనదే. రెండోదీ తనదే.

కొన్నాళ్లకు తెలిసొచ్చింది, సాయంత్రం అయితే తనను ‘బిడ్డా’ అని పిలిచేవాళ్లు లేరని. ఎవరి కోసం బతకాలన్న ప్రశ్న ఒకటి వచ్చి పక్కనే కూర్చుంది. ఎంత తిన్నా అది లేవలేదు.

ఆరోజు అలవాటుగా ఒక మిర్చీ తీసి బెంచీ ఆ చివరకు చాచింది. అక్కడ ఎవరూ లేరు.

“రాజమల్లన్నా, ఆ పెద్దమ్మ వస్తలేదేంది?”

“భాగ్యమ్మనా? పోయింది గదమ్మా. షుగర్ శానా ఉండె. దవాఖానల పడ్డది, మళ్ల లేవలే.”



“షుగర్ పెట్టుకొని ఇన్ని మిర్చీలు తిన్నదా?”

“ఎన్నడు తిన్నది? నీకాడ తీస్కున్నవన్నీ అగో, ఆ కుక్కలకే ఏసేది. ‘పిల్ల జర తక్కువ తింటది, నాతోని నాలుగు మాటలు మాట్లాడతది’ అనేది.”

చేతిలో మిర్చీ చేతిలోనే ఉండిపోయింది.

“నేను ఆమెకు ఏమైతనన్నా?”

రాజమల్లు స్టవ్ మంట తగ్గించాడు.

“ఏం కావు. ఆమె బిడ్డ చంద్రిక గూడ గిట్లనే రోజు గీ బెంచీ మీద ఒక్కతే కూసొని తింటుండె. ‘మంచిగ తింటున్నది, దానికేం ఫికర్’ అనుకున్నదట ఆ తల్లి, ఆ పిల్ల తన పానం తానే తీసుకునేదాక.”